హెలికాప్టర్ వచ్చేదాకా

షాద్‌నగర్‌లో నేను కిరాయికి ఉంటున్న గదికి ప్రతి ఆదివారం పిల్లలు వస్తారు. వారమంతా కంపెనీల్లో షిఫ్టులు చేసి, ఆ ఒక్క పూట వీపుకు బాస్ గిటార్ తగిలించుకుని, మెట్లు రెండేసి ఎక్కుతూ వస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న. “సార్, కుడి చేతి స్పీడు ఎట్ల పెరుగుతది?” మెల్లగా వాయిస్తే పెరుగుతుంది అంటాను. ఆకలై హోటలుకి వస్తే సర్వరు ఉపవాసం ఉండమన్నట్టు నా వైపు చూస్తారు. వాళ్లలో సగం మంది మరుసటి ఆదివారం రారు. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను. యాభై దాటగానే పింఛను లేకుండా రిటైరయిన కళాకారుణ్ని. చేతిలో వేగం పోయింది, నోట్లో మిగిలింది.

బాస్ గిటార్ అంటే నాలుగు లావు తీగల వాయిద్యం. మామూలు గిటార్ వాయించేవాడి మీద జనం చూపులు పడతాయి, బాస్ వాయించేవాడి మీద స్టేజీ వెనక పరదా పడుతుంది. దాని మోత చెవికి కాదు, కడుపుకు వినిపిస్తుంది. ఉన్నంతసేపూ ఎవరికీ తెలియదు. ఆగిపోతే మాత్రం “ఏదో తక్కువైంది” అంటారు. ఏది తక్కువైందో చెప్పలేరు. అట్లాంటి ఉద్యోగం నాది. నల్లగొండలో ఒక ఆర్కెస్ట్రా పార్టీలో చేశాను. నా గిటార్ ఈనిన బర్రెంత బరువుండేది, దాని స్పీకర్ డబ్బా పెళ్లిలో పెట్టే బీరువా అంత ఉండేది. రెండిటినీ ఎత్తి డీసీఎం బండిలో వేసేసరికే నా కళ సగం అయిపోయేది.

పార్టీ ఓనరును మేమంతా అన్నా అని పిలిచేవాళ్లం. కీబోర్డు ఆయనే వాయించేవాడు. స్టేజీ మీదికి ముందు ఆయన కడుపు వచ్చేది, తర్వాత కీబోర్డు, ఆ తర్వాత ఆయన. చెడ్డవాడు కాదు. కానీ కొత్త యంత్రాల పిచ్చి ఉండేది. ఒకసారి కొత్త కీబోర్డు కొనుక్కొచ్చి, ఎడమ చేత్తో ఒక మూల మీటలు నొక్కి, “బాస్ ఇండ్లనే ఉన్నది తమ్మీ, ఇను,” అని చూపించాడు. బొందల గడ్డలో నన్ను పూడ్చే జాగా చూపించినట్టు అనిపించింది.

నా పక్కన కూర్చునేవాడు ప్యాడ్లు వాయించేవాడు. ప్యాడ్లు అంటే ఒక పెట్టె మీద రబ్బరు పలకలు. పుల్లలతో కొడితే డప్పు కావాలంటే డప్పు, డోలు కావాలంటే డోలు పలుకుతుంది. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా మొదటి రోజు నుంచీ బావా అంటే బావా. ఆర్కెస్ట్రాలో బాసు, ప్యాడ్లు ఒక కాడి కింది ఎడ్లు. ఒకటి తప్పటడుగు వేస్తే రెండోదాని మెడ విరుగుతుంది.

రాష్ట్రం వచ్చింది. దాంతోపాటు మా పాటలకు జ్వరం వచ్చింది. అంతకు ముందు పాట నడిచేది, ఇప్పుడు ఉరకడం మొదలుపెట్టింది. పెళ్లికొడుకు వాళ్లు “జర ఊపు పెంచుండ్రి” అంటారు, పెళ్లికూతురు వాళ్లు “ఇంకింత” అంటారు. నేనేమో ఒక తీగ కొట్టి, ఆ మోత సద్దుమణిగేదాకా పందిట్లో వడ్డిస్తున్న కూరలు చూసుకునే రకం. పాత రోజుల్లో నా అంత సుఖపడ్డ ఉద్యోగి తాసిల్దారు ఆఫీసులో కూడా లేడు.

మహబూబ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం రిసెప్షన్ వాయిస్తున్నప్పుడు మొదటిసారి పసిగట్టాను. బావ పెద్ద దెబ్బలు సరిగ్గానే కొడుతున్నాడు. వాటి మధ్య గబగబా పడాల్సిన చిన్న దెబ్బలు లేవు. తర్వాత హాలు వెనకాల బగారన్నం తింటూ అడిగాను.

“ఏమైంది బావా, నడుమ దెబ్బలు ఎగ్గొడుతున్నవ్.”

“ఎవరన్న ఇన్నరా?”

“నేనిన్న.”

“నీది లెక్కల రాదు. నువ్వు పక్కపొంటి కూసుంటవ్. జనం ఇన్నరా?”

“జనం ముక్కల కాడ కొట్లాడుతున్నరు. వాళ్లకేం ఇనవడ్తది.”

“ఇగ ఫికరెందుకు మరి.”

అప్పుడే కూర వడ్డించేవాడు వచ్చాడు. బావ పళ్లెం ముందుకు చాపలేదు. మోచెయ్యి మడతలోనే ఆగిపోయింది. వడ్డించేవాడు వంగి, దగ్గరికి జరిగి వేయాల్సి వచ్చింది. బావ నన్ను చూశాడు. నేను చూడనట్టు ఎముక కొరుకుతూ కూర్చున్నాను. నా నటన చూసి ఆయనకే జాలేసింది.

“కీళ్ల కాడ బొక్క అతుకుతాంది బావా,” అన్నాడు. “దవాఖానల ఫొటో తీసిండ్రు. మోచెయ్యి, మెడ, నడుము. ఒక్కటొక్కటే మూసుకుంటదట.”

ఆయనది బోరు నీళ్ల ఊరు. మా జిల్లాలో కొన్ని ఊళ్లలో భూమి లోపలి నీళ్లు తాగిన పిల్లలకు ముందు పళ్ల మీద పసుపు చారలు వచ్చేవి. తర్వాత ఆ నీళ్లు ఏళ్ల తరబడి, ఏ తొందరా లేకుండా, ఎముకల్లో పని చేసుకునేవి. బావ నవ్వితే ఆ చారలు కనిపించేవి. రాష్ట్రం వచ్చాక ఆయన ఇంటి ముందు కూడా మంచినీళ్ల నల్లా పెట్టారు. అప్పటికి ఆయన ఎముకలు తాగాల్సినవన్నీ తాగేసి ఉన్నాయి.

“మానెయ్ మరి,” అన్నాను.

“మానేసి?”

నేను ఇంకో ఎముక అందుకున్నాను.

“ప్యాడ్ల ముంగట కూసున్నంతసేపు నన్ను ఆర్టిస్టంటరు బావా. లేచి నాలుగడుగులేస్తె కుంటోడంటరు. నన్ను కూసోనియ్యి.”

అందుకే ఆయన స్టేజీ మీదికి అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు, హాలు ఖాళీ అయ్యాకే లేచేవాడు. ఇన్నాళ్లూ అది ఉద్యోగం మీద భక్తి అనుకున్నాను. ఇంటి దగ్గర మా ఆవిడకు ఆయన్ని ఆదర్శంగా కూడా చూపించాను.

ఆ బగారన్నం దగ్గరే మా ఒప్పందం జరిగింది. పెద్ద దెబ్బలు ఆయన కొట్టాలి. మధ్యలో రావాల్సిన చిన్న దెబ్బలన్నీ నేను బాస్ తీగ మీద మీటాలి. స్పీకర్లోంచి వచ్చేసరికి రెండూ కలిసిపోతాయి, జనం తల ఊపుతారు. ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా అన్నకు.

“నీ చెయ్యి దున్నపోతు బావా,” అన్నాడు. “గంత ఉరుకుతదా?”

“ఉరికిస్త.”

ఆ మాట అన్నాక నా చేతిని చూసుకున్నాను. దానికి ఈ సంగతి ఏమీ తెలియదు, పళ్లెంలో చికెన్ ముక్క వెతుక్కుంటోంది.

ఇక సాధన. వేగం అంటే బలం అనుకున్నాను. తడి తువ్వాళ్లు పిండాను. ఇటుకలు వేళ్లతో ఎత్తాను. వేళ్లకు పట్టు రావాలంటే పాలు పితకడం మంచిదని చాయ హోటల్లో ఎవరో అంటే, పక్కింటి బర్రె కింద కూర్చున్నాను. అది తన్నిన తన్నుకు గడియారం సెంటరు దాటి పడ్డానని అందరికీ చెప్పాను. నిజానికి పేడకుప్ప దాకానే. తీగను బావిలోంచి చేదను లాగినట్టు గుంజేవాణ్ని. రెండు వేళ్లకూ బొబ్బలు లేచి, పగిలి, మళ్లీ లేచాయి. మోచేతి కింద కండ కట్టెలా బిగుసుకునేది. ఒకరోజు చాయ గ్లాసు పట్టుకున్న వేళ్లు తెరుచుకోలేదు. గ్లాసుతో సహా బజారుకు పోయి వచ్చాను. ఇంత చేసినా ఒక పాట వేగంగా సగం దాకా వచ్చేసరికి చెయ్యి చచ్చిపోయేది.

మా ఆవిడది పోచంపల్లి వైపు నేత ఇల్లు. పెళ్లయి నల్లగొండకు వచ్చినా ఇంట్లో ఆసు పోసేది. నేతకు ముందు చేసే పని అది. ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుస మేకులు ఉంటాయి. దారాన్ని చేత్తో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు ఆమె చెయ్యి తిరిగిన దూరం కొలిస్తే యాదగిరిగుట్టకు పోయి, దర్శనం చేసుకుని, పులిహోర తిని ఇంటికి రావచ్చు. నేను పక్కన కూర్చుని తీగను గుంజుతుంటే ఆమె ఆసు ఆపకుండానే అంది.

“గదేం వాయించుడు. తీగతోని కొట్లాట పెట్టుకున్నట్టున్నది.”

“మరి నీ చెయ్యి పొద్దంత ఎట్ల తిరుగుతది?”

“దారం అదే పోతది. నేను దాని ఎంబడి పోత.”

“నొయ్యదా?”

“నొయ్యకుంట ఎట్లుంటది. గట్టిగ పడితె చెయ్యి జల్ది పోతది. అల్కగ పడితె మెల్లగ పోతది. పోవుడైతె పోతది.”

ఆ మాటల్లో మొదటి రెండే చెవిన వేసుకున్నాను. మూడోది, “పోవుడైతె పోతది” అన్నది, చాలా ఏళ్ల తర్వాత వినపడింది.

పిల్లలూ, మీకు పనికొచ్చేది ఇక్కడుంది. స్పీకర్ మోత పెంచండి, వేలి బలం తగ్గించండి. ఆ మోతను కరెంటే ఇస్తుంది, మీరివ్వక్కర్లేదు. చూపుడు వేలు, నడిమి వేలు మనిషి రెండు కాళ్లలా ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. ఒకే కాలితో రెండడుగులు వేస్తే కుంటినడక అవుతుంది. తీగను మీటిన వేలు గాల్లోకి లేవకుండా పై తీగ మీద ఆనాలి. మణికట్టు వంచొద్దు. బొటనవేలు ఆనడానికే, పిండడానికి కాదు. ఫోన్లో తాళం వేసే టిక్కు టిక్కు పెట్టుకుని, విసుగొచ్చేంత మెల్లగా మొదలుపెట్టండి. వాయిస్తూ పక్కవాళ్లతో వంకాయల ధర మాట్లాడగలిగినప్పుడే వేగం ఒక మెట్టు పెంచండి. చేతిలో మంట పుడితే ఆపండి. మంట దగ్గర పౌరుషం చూపించినవాళ్లు ఇప్పుడు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు.

ఇంట్లో ఈ టిక్కు టిక్కు చూసి మా ఆవిడ ముందు గడియారానికి గాలి సోకిందనుకుంది. తర్వాత అలవాటుపడి, నా ఓపికకు తనే ఒక కొలత పెట్టింది. చెయ్యి ఆపకుండా వాయించడం మొదట అన్నం ఉడికేదాకా. అది వచ్చాక పప్పు ఉడికేదాకా. కందిపప్పు మంచిది కాకపోతే నా ప్రాణం మీదికి వచ్చేది. ఆ తర్వాత పరీక్ష కట్టెల పొయ్యి మీద ముదురు మేక కూర. ఆ మేక నాకంటే పెద్దదని ఇప్పటికీ నా అనుమానం. కూర దించిన రోజు చెయ్యి ఇంకా నడుస్తూనే ఉంది, బిగుసుకోలేదు. మా ఆవిడ ముక్క నొక్కి చూసి, “అయింది,” అంది. కూర గురించి అందో నా గురించి అందో అడగలేదు.

స్టేజీ మీద మా పథకం పారింది. బావ చెయ్యి మొరాయించినప్పుడు నాకు సైగ కావాలి. మెడ తిరగదు, చెయ్యి ఎత్తలేడు. ఎడమ కన్ను మూసేవాడు. కన్ను మూస్తే బరువు నా మీదికి వచ్చిందని అర్థం, తెరిస్తే మళ్లీ తను అందుకున్నాడని. ఇది బాగానే నడిచింది, మా పార్టీలో పాడే అక్క నన్ను పక్కకు పిలిచేదాకా.

“తమ్మీ, మీ బావకు జర చెప్పు. పాట నడుమల నాకు కన్ను గొడుతుండు. నా కొడుకు డిగ్రీ సదువుతుండు.”

బావ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నవ్వలేదు.

“అక్కా, కొట్టేటోణ్నయితె ఎన్నడో కొడుదు. కంట్ల దుమ్ము పడుతాంది.”

“దినాం ఒక్కటే కంట్ల పడుతదా దుమ్ము?”

బావ కన్ను తుడుచుకోబోయాడు, చెయ్యి అక్కడిదాకా లేవలేదు. అక్క ఆయన ముఖం నుంచి చేతుల దాకా చూసింది. తర్వాత నా వేళ్ల బొబ్బలు చూసింది. పోయి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. మరుసటి ప్రోగ్రాం నుంచి బావ కన్ను మూయగానే ఆమె జనం వైపు మైకు తిప్పి, “చప్పట్లు,” అనడం మొదలుపెట్టింది. అట్లా మా దొంగల ముఠాలో మూడో మనిషి చేరింది.

అన్నకు మాత్రం తెలియదు. “ఈ మధ్య ప్యాడ్లు దంచుతున్నయ్,” అని బావ వీపు తట్టేవాడు. ఆ వీపు ఎంత నొచ్చేదో నాకు తెలుసు. బావ పళ్ల చారలు కనిపించేలా నవ్వేవాడు.

ఇక ఆ రోజు. ఎన్నికల కాలం, ఎండాకాలం. మహబూబ్‌నగర్ దాటాక ఒక పెద్ద మైదానంలో మీటింగు. పెద్ద నాయకుడు హెలికాప్టర్‌లో వస్తాడు. ఆయన వచ్చేదాకా పాటలతో జనాన్ని కూర్చోబెట్టడం మా పని. కండువా వేసుకున్న ఒకాయన వచ్చి అన్నతో చెప్పాడు.

“సార్ హెలికాప్టర్ కనవడేదాక పాట ఆగొద్దు. పాట ఆగిందంటే జనం లేస్తరు. లేచినోళ్లు మల్ల కూసోరు.”

“సార్ ఎప్పుడొస్తరు?” అని అన్న అడిగాడు.

“బయలెల్లిండు.”

ఈ మాట మా వృత్తిలో ఎంత పొడుగో మీకు తెలియదు. సార్ అప్పటికి స్నానం కూడా చేసి ఉండడు.

పొద్దున మొదలుపెట్టాం. ట్రాక్టర్లలో, డీసీఎంలలో జనం దిగుతూనే ఉన్నారు. పందిరి నీడ ముందు వరుసలకే ఉంది, వెనకవాళ్లు కుర్చీలు నెత్తిన పెట్టుకున్నారు. పాట తర్వాత పాట కాదు, పాట తోకకు ఇంకో పాట ముడివేసి వాయించాలి. అన్నీ ఉరికే పాటలే. పాడేవాళ్లు ముగ్గురు, ఒకరు పాడుతుంటే ఇద్దరు నీళ్లు తాగారు. అన్న ఒక చేతి వేలు కీబోర్డు మీద ఉంచి, రెండో చేత్తో మజ్జిగ ప్యాకెట్ కొరుక్కున్నాడు. బాసు, ప్యాడ్లకు మారుమనిషి లేడు. సూర్యుడు కూడా మమ్మల్ని చూడ్డానికే నెత్తి మీద ఆగినట్టున్నాడు. స్టేజీ మీది ఇనుప పైపు మీద దోశ పోయవచ్చు. నా గిటార్ తీగ అట్లకాడలా కాలింది.

అన్నం ఉడికేంతసేపు అయింది. పప్పు అయింది. మేక కూర కూడా అయింది. అక్కడి నుంచి ముందుకు నేను ఎప్పుడూ పోలేదు.

బావ ఎడమ కన్ను మూశాడు. నేను అందుకున్నాను. చాలాసేపు తెరవలేదు. అక్క చప్పట్లు అడిగింది. బావ కన్ను తెరిచి నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ మూశాడు. ఇంకో పాటలోకి పోయాం. ఇటు తిరిగి చూశాను. రెండు కళ్లూ మూసి ఉన్నాయి.

ఆ సైగ మేము అనుకున్నది కాదు. అయినా అర్థమైంది. పుల్లలు ప్యాడ్ల మీద ఆనించి, భుజాలు మాత్రం తాళానికి ఊపుతున్నాడు. దూరం నుంచి చూసేవాళ్లకు కొడుతున్నట్టే ఉంటుంది. ముఖం మీద నీళ్లు కళ్ల నుంచి కారుతున్నాయో నుదుటి నుంచి కారుతున్నాయో చెప్పలేను.

స్పీకర్ మీట చివరిదాకా తిప్పాను. పెద్ద దెబ్బ లావు తీగ మీద, చిన్న దెబ్బలు సన్న తీగ మీద వేయడం మొదలుపెట్టాను. అక్క మైకు జనం మీదికి వంచి చప్పట్లు ఆపనివ్వలేదు. వేలాది చేతులు ప్యాడ్లయ్యాయి. నా చెయ్యి ముందు మండింది. తర్వాత చల్లబడింది. తర్వాత లేదు. భుజం దగ్గర నుంచి ఎవరిదో చెయ్యి వేలాడుతున్నట్టుంది. గట్టిగా పట్టబోయాను. దారం ఎంబడి పోవాలని గుర్తొచ్చి వదులు చేశాను. తీగ అదే పోతోంది, నేను దాని వెనక పోతున్నాను. ఒక పెళ్లి మొత్తానికి వంట అయిపోయేంతసేపు పోయాను అని నేను చెప్పుకుంటాను. ఈ ఒక్క చోట మాత్రం ఎక్కువ చేసి చెప్పడం లేదు.

హెలికాప్టర్ వచ్చింది. ఎర్రదుమ్ము లేచి పందిరి గుడ్డ ఎగిరింది. జనమంతా లేచి అటు ఉరికారు. అక్క పాట ఏ మాట దగ్గర ఆపిందో ఎవరికీ తెలియదు. ఎవరో మా స్టేజీకి కరెంటు తీసేశారు. మోత ఆగిపోయాక కూడా నా రెండు వేళ్లు తీగ మీద నడుస్తూనే ఉన్నాయి. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అన్న వచ్చాడు. మజ్జిగ ప్యాకెట్ తనే చించి బావ నోటికి అందించాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“ఇయ్యాల ప్రోగ్రాం నిలవెట్టింది ప్యాడ్లే,” అన్నాడు. “పాడేటోళ్లు మారినా, ఎండ మండినా, ప్యాడ్లు ఆగలే. కండువాయన గూడ అడిగిండు, గా కూసున్నాయన ఎవరు అని.”

మజ్జిగ బావ గడ్డం మీదుగా కారింది. అన్న నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“తమ్మీ, ఏమనుకోకు. గిట్లాంటి ప్యాడ్లుంటే బాస్ నా ఎడమ చెయ్యితోనే ఎల్లిపోతది. ఎన్నొద్దుల సంది అనుకుంటున్న. ఈ సీజన్ అయినంక నువ్వు జర వేరే చూసుకో.”

నేను నిలబడి ఉన్నాను. కింద వేలాడుతున్న చేతిలో వేళ్లు ఇంకా కదులుతున్నాయి. ఒక్క మాట చెప్తే నా ఉద్యోగం ఉంటుంది. ఆ మాట చెప్తే పక్కన కూర్చున్న మనిషి లేవాల్సి వస్తుంది. 

“సరే అన్నా,” అన్నాను.

వెనకాల కుర్చీ చప్పుడైంది. బావ లేస్తున్నాడు. ఇంతకాలం ఆయన జనంలో లేవడం నేను చూడలేదు. ముందు రెండు చేతులూ ప్యాడ్ల స్టాండు మీద ఆనించి, నడుము అట్లాగే వంగి ఉండగా, ఒక పక్కకు ఒరిగి లేచాడు. కండువాల పిల్లలు చూస్తున్నారు. ఎవడో మెల్లగా, “అరె, గాయన గట్లున్నడేంది,” అన్నాడు. మెడ తిప్పలేడు కాబట్టి మనిషి మొత్తం తిరిగి, అడుగులో అడుగు వేసుకుంటూ అన్న దగ్గరికి వచ్చాడు.

“అన్నా, గీ చెయ్యి చాపు.”

“ఏందిరా?”

“చాపు జర.”

అన్న నవ్వుతూ ఆ చెయ్యి పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకొంచెం లాగాడు. నవ్వు పోయింది.

“పొద్దటిసంది గీ చెయ్యి కొట్టింది కొంతనే,” అన్నాడు బావ. “ఎనుకటి కెల్లి కూడ గంతే. నువ్వు ఇన్నయన్ని వాని వేళ్ల దెబ్బలే. బాస్ తీసేస్తే ప్యాడ్లు గూడ లేవు నీకు.”

అన్న ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. చాపడానికి కాదు, ఊరికే పట్టుకున్నాడు. “ఎన్నొద్దులైందిరా,” అని మాత్రం అడిగాడు. మైదానంలో నాయకుడు మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇంటింటికీ వచ్చిన మంచినీళ్ల గురించి చెప్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు, అదే తాళంలో.

తిరిగి వచ్చేటప్పుడు అన్న బావను డీసీఎంలో తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఎప్పుడూ ఎవరికీ ఆ సీటు ఇవ్వలేదు. బావ ఆ సీట్లో కూర్చున్నాడంటే ఇక మాతో వెనక కూర్చోడని నాకూ అక్కకూ అర్థమైంది. ఇద్దరం డబ్బాల మధ్య కూర్చుని ప్యాడ్ల పెట్టెను కదలకుండా పట్టుకున్నాం.

నా ఉద్యోగం మిగిలింది, అన్న మళ్లీ ఎడమ చేతి మాట ఎత్తలేదు. ప్యాడ్ల జాగాలో పెన్‌డ్రైవ్ వచ్చింది. దాంట్లో తాళం అలిసిపోదు, ఎంత వేగమంటే అంత. నేను దాని పక్కన కొన్నేళ్లు వాయించాను. వేగంలో నన్ను మించినవాడు రెండు జిల్లాల్లో లేడని అక్క అనేది, మూడో జిల్లా గురించి తనకు తెలియదు కాబట్టి. కానీ పాట మధ్యలో అలవాటుగా కుడి పక్కకు చూసేవాణ్ని. పెన్‌డ్రైవ్‌కు ఒక ఎర్రలైటు ఉంటుంది. అది కన్ను మూయదు. తర్వాత నా నడిమి వేలు మొద్దుబారింది, మణికట్టు మొరాయించింది. ఎంత తేలిగ్గా పట్టినా, పోవుడైతె పోతదని మా ఆవిడ చెప్పిన మూడో మాట ప్రకారమే జరిగింది.

మొన్న బావ వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటి ముందు నల్లా కారుతోంది. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని, కుర్చీలో కూర్చున్న ఆకారంలోనే ఉన్నాడు. ఇప్పుడు లేవమన్నా లేవలేడు. ఆయన భార్య, నాకు చెల్లె వరుస, లోపల పొయ్యి మీద అన్నం పెట్టింది.

“నల్లా నీళ్లు సప్పగుంటయ్ బావా,” అన్నాడు. “పాత నీళ్లే రుచి.”

“చూసినవు గదా రుచి.”

“తెచ్చినవా గిటార్?”

తెచ్చాను. చిన్న బ్యాటరీ స్పీకర్ కూడా తెచ్చాను. మంచం పక్కన, ఎప్పటిలాగే ఆయన ఎడమ వైపు కూర్చున్నాను.

“ఉరికియ్యకు,” అన్నాడు. “నాకేం హెలికాప్టర్ రాదు.”

మెల్లగా మొదలుపెట్టాను. మొద్దుబారిన వేలు వెనకబడింది, మరో వేలు దాన్ని లాక్కుపోయింది. కాసేపు విన్నాడు. పెదవుల మధ్య నుంచి పెద్ద దెబ్బలు మాత్రం నోటితో వేస్తున్నాడు, సరిగ్గా వాటి జాగాలో. తర్వాత అవి పలుచబడ్డాయి. ఎడమ కన్ను మూశాడు. నేను అందుకున్నాను. ఇంకొంచెం సేపటికి రెండో కన్నూ మూశాడు.

కంగారుపడకండి, నిద్రే. ఆ రోజుకు నిద్రే.

లోపల అన్నం ఉడికిన వాసన వచ్చింది. చెల్లె గంజి వంచి, గిన్నె దించి, గడప దగ్గరికి వచ్చి నిలబడింది. నేను ఆపలేదు.